మీడియా ప్రాజెక్టుకి పాప్ పాట వీడియో: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: వైజాగ్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న ఐదుగురు. మూడు వారాల్లో ఒక పాప్ పాటకు వీడియో తీసి ఇవ్వాలి. పాట నిడివి 3 నిమిషాల 20 సెకన్లు, రాసి పాడింది మీ క్లాస్‌మేట్. చేతిలో ఒక మిర్రర్‌లెస్ కెమెరా, రెండు ఫోన్లు, 6 వేల రూపాయలు ఉన్నాయి. ఆర్కే బీచ్, భీమిలి, అరకు, డ్రోన్ షాట్లు, మధ్యలో ఒక లవ్ స్టోరీ అనుకుంటున్నారు. షార్ట్ ఫిల్మ్ వెనక పాట వేసినట్టు కాకుండా నిజంగా మ్యూజిక్ వీడియోలా రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పాడే మనిషి దగ్గర మొదలుపెట్టండి. మీ సింగర్ పాటను మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఆపకుండా పాడుతుంటే కనీసం నాలుగు పూర్తి టేకులు తీయండి. అవి చేతికొచ్చి, కాపీ చేసుకుని, ఒకసారి చూసుకున్నాకే కథ జోలికి వెళ్లండి. అరకు వదిలేయండి, డ్రోన్ వదిలేయండి. రెండు లొకేషన్లు, ఒకటిన్నర రోజు షూటింగ్ చాలు.

ఎందుకంటే, పదమూడేళ్లుగా ఈ ఊళ్లో ప్రైవేట్ పాటలు, పెళ్లి వీడియోలు తీస్తూ ఎడిట్ చేస్తున్నాను. ఏటా రెండు మూడు స్టూడెంట్ టీములు హార్డ్‌డిస్క్ పట్టుకుని వస్తాయి. దాదాపు అందరిదీ ఒకటే ఇబ్బంది. ఇసుకలో నడిచే షాట్లు నలభై ఉంటాయి, టీ తాగే షాట్లు పది ఉంటాయి. పాడుతున్న మొహం మాత్రం పల్లవిలో ఒక్కసారి, అదీ సగమే. రెండో చరణం వచ్చేసరికి వేయడానికి ఏమీ మిగలదు. అదే నడకను స్లో చేసి మళ్లీ వేస్తారు. చూసేవాళ్ల ధ్యాస అక్కడే పోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. మీ పాట 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 బీట్లు అనుకుందాం. ఒక్కో బీట్ 0.6 సెకన్లు, నాలుగు బీట్లు కలిపితే 2.4 సెకన్లు. మీ పాట 200 సెకన్లు కాబట్టి ఇలాంటి నాలుగు బీట్ల ముక్కలు 83 వస్తాయి. సగటున ముక్కకి ఒక కట్ వేసినా 80కి పైగా షాట్లు కావాలి. ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు రెండు రోజుల్లో 80 వేర్వేరు మంచి షాట్లు తీయడం చాలా కష్టం. నాలుగు పూర్తి టేకులు ఉంటే మాత్రం పాటలో ఏ చోటికైనా నాలుగు షాట్లు సిద్ధంగా ఉన్నట్టే. పక్క నుంచి ఒక ఫోన్ కూడా తిప్పితే ఎనిమిది. టేకు టేకుకీ సైజు మార్చండి: ఒకటి మనిషి పూర్తిగా, ఒకటి నడుము దాకా, ఒకటి మొహం, ఒకటి పక్క నుంచి నడుస్తూ. మొహం టేకు మొదట తీయకండి. మూడోసారికి గాని బిగువు వదలదు, అప్పుడు తీయండి.

ఇక ప్లేబ్యాక్, అంటే షూటింగ్‌లో సింగర్‌కి పాట వినిపించడం. మీ ప్రాజెక్టు నిలబడేదీ పడేదీ ఇక్కడే.

ఆరేడేళ్ల కిందట భీమిలిలో ఒక కుర్రాడి పాట తీశాను. ప్లేబ్యాక్ ఫోన్ స్పీకర్‌లోనే పెట్టాం. అలల హోరులో అతనికి పాట సరిగ్గా వినబడలేదు, గుర్తున్నంత వరకు పెదవులు కదిపాడు. కెమెరా స్క్రీన్ మీద బాగానే ఉందనిపించింది. ఎడిటింగ్‌లో కూర్చుంటే ఒక్క పాదం కూడా కుదరలేదు. ఆ పొద్దున తీసిన వాటిలో పెదవులు కనబడని నాలుగు క్లిప్పులే వాడగలిగాం. పాపం, అతను డ్యూటీకి ఇంకో రోజు సెలవు పెట్టి మళ్లీ రావాల్సి వచ్చింది. తప్పు నాది. అప్పటి నుంచి స్పీకర్ లేకుండా కెమెరా బయటికి తీయను.

సినిమా సెట్ల మీద ఈ ప్లేబ్యాక్‌నే నాగ్రా అంటారు. పూర్వం పాట వినిపించడానికి వాడిన స్విస్ టేప్ రికార్డర్ పేరు అది, పనికి అదే పేరు స్థిరపడిపోయింది. మీ ఐదుగురిలో ఒకరికి నాగ్రా తప్ప ఇంకే పనీ ఇవ్వకండి. పాట ఫైల్‌కి ముందు అదే టెంపోలో నాలుగు క్లిక్కులు కలిపి ఇంకో ఫైల్ చేసుకోండి, సింగర్‌కి ఎత్తుగడ దొరుకుతుంది. ఓ మోస్తరు బ్లూటూత్ స్పీకర్ చాలు. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుందని కంగారు పడొద్దు. సింగర్ వినేది ఏదో కెమెరా మైక్ వినేదీ అదే కాబట్టి తేడా రాదు. స్పీకర్‌ను ఫ్రేమ్ బయట సింగర్‌కి ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా పెట్టండి. కెమెరాలో మైక్ ఆన్‌లోనే ఉంచండి. ఆ శబ్దం ఫైనల్‌లో ఉండదు, కానీ దాంతోనే వీడియోని అసలు పాటతో కుదురుస్తారు, అంటే సింక్ చేస్తారు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. జూమ్ లెన్స్‌తో బాగా దూరం నుంచి తీస్తే శబ్దం కెమెరా దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది. సెకనుకి సుమారు 340 మీటర్లే దాని వేగం. 34 మీటర్ల దూరమైతే పదో వంతు సెకను, అంటే సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో రెండున్నర ఫ్రేములు. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చూసి సింక్ చేస్తుంది, పెదవులేమో పాట కంటే ముందు కదులుతుంటాయి. అలాంటి షాట్‌ను ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద రెండు మూడు ఫ్రేములు వెనక్కి, అంటే కుడి వైపుకి జరపండి.

పెదవులు కదిపితే చాలని సింగర్‌కి చెప్పకండి, గొంతెత్తి పాడమనండి. నిజంగా పాడుతుంటే మెడ నరాలు కదులుతాయి, పై స్థాయికి వెళ్లేముందు భుజాలు లేస్తాయి, పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కనబడుతుంది. నలుగురిలో సిగ్గుపడితే స్పీకర్ సౌండ్ పెంచండి. తన గొంతు తనకే వినబడనంత సౌండ్ ఉంటే ఎవరైనా ధైర్యంగా పాడతారు.

సింక్ కుదిరిందో లేదో చూడటానికి నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. లిరిక్ కాగితం మీద ప, ఫ, బ, భ, మ అక్షరాలకు సున్నా చుట్టండి. చిన్నప్పుడు ఓష్ఠ్యాలు అని చదువుకున్నాం కదా, పెదవులు కలవకుండా వీటిని పలకలేం. టైమ్‌లైన్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ ఆ అక్షరం దగ్గర పెదవులు మూసుకున్నాయో లేదో చూడండి. ‘మబ్బు’ అనే మాట ఉందనుకోండి, ‘మ’ దగ్గర ఒకసారి, ‘బ్బు’ దగ్గర ఇంకోసారి పెదవులు కలవాలి. ‘బ్బు’ దగ్గర ఒక క్షణం ఎక్కువ సేపు అతుక్కుని ఉంటాయి. ఆ రెండు చోట్లా కుదిరితే పాదమంతా కుదిరినట్టే. మిగతా అక్షరాల్లో ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయినా కంటికి తెలియదు.

ఇంకోటి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, పాదం చివర దీర్ఘం తీస్తే నోరు తెరుచుకునే ఉంటుంది. స్టూడెంట్ వీడియోల్లో మాట అయిపోయింది కదా అని అక్కడే కట్ చేసేస్తారు. రాగం ఇంకా నడుస్తుంటే మొహం మాయమవుతుంది. ఆ దీర్ఘం పూర్తయి నోరు మూసుకునే దాకా ఉంచండి, లేదా మాట మధ్యలోనే ధైర్యంగా కట్ చేయండి. సరిగ్గా మాట చివర మాత్రం వద్దు.

స్లో మోషన్‌లో పాడే షాట్ కావాలంటే కెమెరాను 50 ఫ్రేములకు పెట్టి పాటను రెట్టింపు స్పీడ్‌లో వినిపించండి, సింగర్ కూడా అంతే స్పీడ్‌గా పాడాలి. తర్వాత 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో దాన్ని సగం స్పీడ్‌కి తగ్గిస్తే పెదవులు పాటతో సరిపోతాయి, జుట్టు, పైట, అల మాత్రం తేలుతున్నట్టు కదులుతాయి. వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ పల్లవి ఒక్కటి ఇలా తీసినా మీ వీడియో స్థాయి మారిపోతుంది. ముందు రోజు ఇంట్లో పదిసార్లు ప్రాక్టీస్ చేయమనండి. రెట్టింపు స్పీడ్‌లో ఊపిరి అందదు.

సెట్టింగ్స్ గురించి ఎక్కువ చెప్పను. 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద ఇది సురక్షితం. ఫోన్లు మామూలుగా 30లో ఉంటాయి, దాంతో లైట్ల కింద నల్లటి చారలు కదులుతూ కనబడొచ్చు. ఫోన్‌లో కూడా 25 పెట్టి, వెలుగు (ఎక్స్‌పోజర్), రంగు (వైట్ బ్యాలెన్స్) రెండూ లాక్ చేయండి. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును తమంతట తాము మారుస్తుంటాయి, అందుకే పాట చివరికి వచ్చేసరికి సింక్ జారుతుంది. ఎడిట్‌కి ముందు ఆ క్లిప్పులను హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి.

లొకేషన్లు. మీలో కొందరు బయటి ఊళ్ల వాళ్లు అయ్యుంటారు, అందుకే చెబుతున్నాను. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వైపు దిగుతాడు. ‘సన్‌సెట్‌లో సముద్రం మీద సూర్యుడు’ అని స్క్రిప్ట్‌లో రాసుకుని, సాయంత్రం నాలుగున్నరకి ఆర్కే బీచ్‌లో దిగిన టీమును నా కళ్లతో చూశాను. ఆ షాట్ కావాలంటే పొద్దున్నే రావాలి. మే, జూన్‌లో 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో సూర్యోదయం. సూర్యుడు మీద పడేలోపు మీకు దొరికేది మహా అయితే ముప్పావుగంట. అంటే మూడు నాలుగు పూర్తి టేకులు, అంతే. సముద్రం వైపు వీపు పెట్టి నిలబెడితే జుట్టు అంచున వెలుగు బాగుంటుంది, మొహం చీకటవుతుంది. స్టేషనరీ షాపులో తెల్ల థర్మాకోల్ షీట్ రెండు కొని, ఒకరు కింద నుంచి పట్టుకుంటే మొహం తేలుతుంది. గాలికి విరిగిపోతుంది, అందుకే రెండు.

కెమెరాను ఏసీ గదిలో పెట్టుకుని పడుకుని తెల్లవారుజామున నేరుగా బీచ్‌కి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి పది పదిహేను నిమిషాలు పోతాయి. ఆ పదిహేను నిమిషాలే మీకు కావాల్సిన వెలుగు. రాత్రి కెమెరా బ్యాగ్‌ను ఏసీ లేని గదిలో పెట్టండి. లెన్స్‌కి మామూలు ఫిల్టర్ ఒకటి తగిలించి, ప్రతి టేకు తర్వాత మెత్తని గుడ్డతో తుడవండి. ఉప్పు తుంపర స్క్రీన్ మీద కనబడదు, ఇంటికెళ్లి చూస్తే ఫ్రేమంతా పాలు పోసినట్టుంటుంది.

ఎర్రమట్టి దిబ్బలు అందరికీ ఆశే. అది రక్షిత ప్రాంతం, ఆ మట్టి తొక్కితే రాలిపోతుంది, లైట్ల స్టాండ్లతో వెళ్లే చోటు కాదు. పైగా ఆ మట్టి ఎరుపు ఛాయ మొహం మీద పడి చర్మం రంగు మారుతుంది, ఎడిట్‌లో దాన్ని సరిచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు. నన్నడిగితే రెండో లొకేషన్‌గా మీలో ఎవరిదో ఒకరి డాబా ఎంచుకోండి. వాటర్ ట్యాంక్, ఆరేసిన బట్టలు, వెనక కొండ. ఈ ఊళ్లో చాలా డాబాల మీంచి ఏదో ఒక కొండ కనబడుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు, కరెంటు, బాత్రూమ్, అమ్మ చేసిన ఉప్మా అన్నీ ఉంటాయి.

మూడేళ్ల కిందట ఒక అమ్మాయిల టీము చేపల వేట నిషేధం రోజుల్లో జాలరిపేట వైపు వెళ్లారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు వేటకు వెళ్లవు. వలలు బాగుచేసుకుంటూ చాలామంది ఒడ్డునే కూర్చుని ఉంటారు. ఆ అమ్మాయిలు కెమెరా బయటికి తీయకుండా ముందు వల కుడుతున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ‘బాబాయ్, మా కాలేజీ పని, ఇక్కడ నిలబడి ఒక పాట పాడుకోవచ్చా?’ అని అడిగారు. ఆ పెద్దాయన వల కుట్టడం ఆపకుండానే తలూపాడు. చివరికి వాళ్ల వీడియోలో అందరికీ గుర్తుండిపోయిన షాట్ ఆయన చేతులదే. నైలాన్ దారం బొటనవేలికి చుట్టి, పాట బీట్‌కి తగ్గట్టే ముడి తర్వాత ముడి వేస్తున్నాడు. అది ప్లాన్ చేసింది కాదు, కానీ అడిగి, కాసేపు కూర్చున్నారు కాబట్టే దొరికింది. ఎడిట్ అయ్యాక వెళ్లి ఆయనకి చూపించి వచ్చారు. మీరూ ఎవరినైనా తీస్తే అలా చూపించండి.

డ్రోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఇది నేవీ ఊరు. నేవీ వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఇక్కడే ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం, పోర్టు, రిఫైనరీ అన్నీ పక్కపక్కనే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రెడ్ జోన్‌లో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి, డ్రోన్ ఎంత చిన్నదైనా సరే. ఏ ప్రాంతం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్ మ్యాప్‌లో కనబడుతుంది. ఒక్క షాట్ కోసం కాలేజీ పేరు పోలీస్ స్టేషన్ దాకా తీసుకెళ్లకండి. తీరం వంపు పైనుంచి కావాలంటే కైలాసగిరి వ్యూ పాయింట్ నుంచి పొద్దున్నే ఫోన్‌తో తీసినా అద్భుతంగా వస్తుంది. నేవీ గోడలు, గేట్లు, జెట్టీల వైపు మాత్రం కెమెరా తిప్పొద్దు.

పార్కులు, కైలాసగిరి లాంటి చోట్లకి ట్రైపాడ్‌తో వెళ్లేముందు హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకంతో కాలేజీ లెటర్ తీసుకుని, అక్కడి ఆఫీసులో ముందే అడగండి. బీచ్‌లో కానిస్టేబుల్ వచ్చి అడిగినా ఆ లెటర్ చూపించి మర్యాదగా చెబితే నా అనుభవంలో ఇబ్బంది పెట్టలేదు. రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ టికెట్ కొన్నాం కదా అని షూట్ చేయకండి, దానికి రైల్వే అనుమతి వేరే ఉంటుంది.

కథ సంగతి. పూర్తిగా వద్దనను. మీ సిలబస్‌లో మ్యూజిక్ వీడియోల మీద పుస్తకం రాసిన ఆండ్రూ గుడ్విన్ పేరు వచ్చే ఉంటుంది. బొమ్మకీ మాటకీ మూడు రకాల సంబంధం ఉంటుందంటాడు: మాట చెప్పిందే చూపడం, మాటకి కొత్తగా ఏదో జోడించడం, మాటతో పొంతన లేనిది చూపడం. స్టూడెంట్స్ మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. మీ పాట ఉద్యోగం కోసం ఊరు వదిలి వెళ్లే అమ్మాయిది అని రాశారు. ‘సముద్రం వదిలి వెళ్తున్నా’ అనే మాట మీద సముద్రం చూపిస్తే అది మొదటి రకం. హైదరాబాద్ హాస్టల్ గదిలో చెప్పు విదిలిస్తే నేల మీద చిటికెడు ఇసుక రాలింది అనుకోండి, అది రెండో రకం. దానికి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, మీ హాస్టల్ గది చాలు. ఇలాంటివి ఐదారు చిన్న ముక్కలు తీసుకుంటే అదే కథ. హీరో, హీరోయిన్, అపార్థం, ఎయిర్‌పోర్ట్ ఇవేవీ అవసరం లేదు. రిపోర్టులో కూడా ఆ ఇసుక షాట్ ఎందుకు పెట్టారో ఒక పేజీ రాయొచ్చు, వైవాలో అడిగేది అలాంటివే.

ఎడిట్‌లో ముందు నాలుగు టేకులనే వాడి పాట మొత్తం కట్ చేయండి. అది ఒక్కసారి చూసి బాగుందనిపించాకే కథ ముక్కలు వేయండి. మొదటి చరణం కంటే రెండో చరణంలో మొహానికి దగ్గరగా వెళ్లండి. మ్యూజిక్ బిట్ వచ్చిన చోట కట్స్ పెంచండి, చివరి పల్లవిలో తగ్గించండి. కెమెరా వాళ్లకి, ఎడిటర్‌కి గొడవ వస్తే సింగర్ మొహం ఎక్కడ బాగుందో చూసి అదే ఉంచండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మీ పనికి సరిపోతుంది.

చివరగా హక్కులు. పాట మీ క్లాస్‌మేట్‌దే అన్నారు, చాలా మంచిది. కానీ మ్యూజిక్ ట్రాక్ యూట్యూబ్‌లో ‘ఫ్రీ బీట్’ అని దొరికింది తీసుకున్నామని కూడా రాశారు. అక్కడ ఆగండి. ఫ్రీ అన్న చోట చాలాసార్లు పేరు వేయాలి, డబ్బు సంపాదించకూడదు అనే షరతులుంటాయి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బీట్ చేసిన వాళ్లకి మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో చదువు కోసం కొన్ని మినహాయింపులున్నాయి గానీ, క్లాసులో చూపడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. అప్‌లోడ్ చేశాక కంటెంట్ ఐడీ (యూట్యూబ్ తనంతట తాను పాటలను గుర్తుపట్టే పద్ధతి) క్లెయిమ్ వచ్చినా భయపడకండి, అది స్ట్రైక్ కాదు. కానీ వీడియో బ్లాక్ అయ్యే అవకాశం ఉంది. అందుకే కాలేజీకి ఇచ్చే కాపీ పెన్‌డ్రైవ్‌లో వేరేగా ఉంచుకోండి.

6 వేలలో స్పీకర్ ఎవరిదైనా అరువు తీసుకోండి. కొనాల్సింది థర్మాకోల్, ఫిల్టర్, ఒక మెమరీ కార్డ్. మిగతాది ఆటోలకి, తిండికి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి వచ్చిన మీ సింగర్‌కి మాత్రం కెమెరా ఆన్ చేసేముందే టిఫిన్ పెట్టించండి.

పాట బీపీఎం ఎంతో, షూటింగ్ ఏ వారంలోనో కింద రాయండి. లిరిక్ పెడితే ఏ పాదానికి ఏ టేకు బాగుంటుందో గుర్తులు పెట్టి ఇస్తాను.